సోఫా, కార్పెట్ క్లీనింగ్ మెషిన్: ఏది కొనాలి, ఎన్నాళ్లయినా లాగేలా ఎలా చూసుకోవాలి

"అన్నా, సోఫా, కార్పెట్ క్లీనింగ్ పని మొదలుపెడదామనుకుంటున్నా. ఏ మెషిన్ కొనమంటారు?" వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాట అడుగుతారు. వాళ్లలోనే కొందరు ఆరు నెలలయ్యాక మళ్లీ ఫోన్ చేస్తారు. "అన్నా, మెషిన్ ముందులా లాగట్లేదు. కొత్తది కొనాలా?"

ఈ రెండింటికీ ఒకేచోట జవాబు రాసిపెడుతున్నాను. హైదరాబాద్‌లో ఆఫీసులు, ఇళ్లలో సోఫాలు, అప్పుడప్పుడు ఫంక్షన్ హాళ్లు, ఇదీ మా పని. అందుకే ఇక్కడి బోరు నీళ్లు, ఇక్కడి కరెంటు, ఇక్కడి వానాకాలం దృష్టిలో పెట్టుకుని చెబుతాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. షాంపూ మురికిని వదులు చేస్తుంది, అంతే. దాన్ని బట్టలోంచి బయటికి తెచ్చేది మెషిన్ లాగే గాలి. ఆ లాగుడు సరిగా లేకపోతే ఎంత ఖరీదైన షాంపూ పోసినా మురికి నీళ్లు కార్పెట్ అడుగున ఉండిపోయి, రెండో రోజుకి ముక్కవాసన మొదలవుతుంది. కొనేటప్పుడు చూడాల్సింది లాగుడే. కొన్నాక కాపాడుకోవాల్సిందీ అదే. కింద రాసినదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కావాల్సినవి

మెషిన్ ఒక్కటే కొంటే పని జరగదు. డబ్బు మొత్తం మెషిన్ మీదే పెట్టేసి, వీటికి మిగల్చకుండా ఇబ్బంది పడేవాళ్లను చాలామందిని చూశాను.

- పొడి దుమ్ము లాగే వాక్యూమ్ క్లీనర్ (దీని పని వేరు, తడి మెషిన్‌తో కలపకండి)
- నీళ్లు చల్లి వెనక్కి లాగే ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్, నేల నాజిల్, సోఫాకి చేతి నాజిల్
- చేత్తో పంపు కొట్టే స్ప్రేయర్, మొక్కలకు మందు కొట్టే 2 లీటర్లదైనా చాలు
- మెత్తటి బ్రష్షులు రెండు, తెల్ల నూలు తువ్వాళ్లు పది పన్నెండు
- నురగ అణచే మందు (డీఫోమర్ అని అడగండి), కొలత గ్లాసు, పీహెచ్ కాగితాలు (మందులో పులుపు ఎంతో, కారం ఎంతో రంగు మారి చూపేవి; 7 అంటే మధ్యస్థం)
- 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో చేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు, 16 ఆంప్ ప్లగ్గుతో
- ఆరబెట్టడానికి నేల మీద పెట్టే బ్లోయర్, లేదా బలమైన పెడెస్టల్ ఫ్యాన్లు రెండు
- నిమ్మ ఉప్పు, పాత టూత్ బ్రష్, ఓ-రింగులు (అతుకుల్లో నీళ్లు కారకుండా వేసే రబ్బరు రింగులు), టెఫ్లాన్ టేపు

మెషిన్ ఎంచుకోవడం

1. మీ పని ఏ రకమో ముందు కాగితం మీద రాయండి.

ఇళ్లలో సోఫాలు, పరుపులు, చిన్న కార్పెట్లే ఎక్కువైతే 8 నుంచి 10 లీటర్ల ట్యాంకున్న, చేత్తో మోసుకెళ్లే మెషిన్ సరిపోతుంది. ఆఫీసుల్లో వేల చదరపు అడుగుల కార్పెట్ టైల్స్ (చదరపు ముక్కలుగా పరిచే కార్పెట్) చేయాలంటే 30 లీటర్లు, ఆపైన ఉన్న చక్రాల మెషిన్ కావాలి. చిన్నదానితో చేస్తే ప్రతి పది నిమిషాలకూ నీళ్లు నింపడం, పారబోయడమే పనైపోతుంది. పెద్దది కొని ఇళ్లకు తిరిగితే లిఫ్టు లేని మూడో అంతస్తు దగ్గర తెలుస్తుంది దాని బరువు. రెండూ చేద్దామనుకుంటే ముందు చిన్నది కొనండి. పెద్ద పని వచ్చినప్పుడు పెద్దది అద్దెకు తెచ్చుకోవచ్చు.

ఫంక్షన్ హాళ్లలో పరిచే పల్చటి ఎర్ర కార్పెట్ల కోసం మాత్రం ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్ కొనకండి. వాటికి మంచి వాక్యూమ్, మరకలకు చేతి పని చాలు.

2. పేర్లు చూసి మోసపోకండి.

"స్టీమ్ క్లీనింగ్" అని అందరూ అంటున్నది నిజానికి వేడి నీళ్లు చల్లి లాగడం. అది ఎక్స్‌ట్రాక్షన్ మెషిన్ పని. స్టీమ్ క్లీనర్ అని విడిగా అమ్మేది ఆవిరి మాత్రమే వదులుతుంది. చాలావాటికి లాగడం రాదు. నేల టైల్స్ మధ్య గీతలకు, వంటింటి జిడ్డుకు అది మంచిదే. సోఫాకి వాడితే మురికి కరిగి లోపలికి దిగుతుంది. ఈ తికమకలో స్టీమ్ క్లీనర్ కొని తెచ్చుకున్నవాళ్లు నన్ను అడిగేవాళ్లలో తక్కువేం లేరు.

గుండ్రటి బ్రష్ తిరిగే సింగిల్ డిస్క్ మెషిన్ నేలలకు పనికొస్తుంది, ఆఫీసు కార్పెట్ మీద షాంపూ రుద్దడానికీ వాడొచ్చు. కానీ దాన్ని నిమిషానికి 150 నుంచి 180 చుట్లు తిరిగే రకంలోనే, మెత్తటి బ్రష్‌తోనే వాడాలి. పోగులు నిలబడి ఉండే మెత్తటి కార్పెట్ మీద, చేత్తో నేసిన తివాచీ మీద దాన్ని పెట్టొద్దు. పోగులు మెలిపడితే మళ్లీ సరిచేయలేరు. దానికి బదులు, రెండు సిలిండర్ బ్రష్షులు ఎదురెదురుగా తిరిగే మెషిన్లున్నాయి. పోగులను దువ్వినట్టు లేపి లోపలి పొడి మట్టిని పైకి తెస్తాయి. ఆఫీసు పని ఎక్కువైతే రెండో మెషిన్‌గా అదే కొనమంటాను.

3. కరపత్రంలో వాట్లు కాకుండా రెండు అంకెలు చూడండి.

ఒకటి వాక్యూమ్, మిల్లీబార్లలో ఉంటుంది. నీటిని ఎంత బలంగా పైకి లాగగలదో అది చెబుతుంది. రెండోది గాలి ప్రవాహం, సెకనుకు ఇన్ని లీటర్లని ఉంటుంది. లాగిన నీటిని గొట్టం వెంట ట్యాంకు దాకా మోసేది అదే. కొందరు కిలోపాస్కల్‌లో రాస్తారు, 1 కిలోపాస్కల్ అంటే 10 మిల్లీబార్లు. చిన్న మెషిన్‌కి 200 మిల్లీబార్లకు తగ్గకుండా చూడండి. గాలి సెకనుకు 50 లీటర్లకు అటూ ఇటూ ఉండాలి. వాట్లు మోటారు ఎంత కరెంటు తాగుతుందో చెబుతాయి, ఎంత లాగుతుందో చెప్పవు.

ఇంకొకటి అడగాలి: "ఇది బైపాస్ మోటారేనా?" బైపాస్ మోటారుకి చల్లబరిచే గాలి వేరే దారిన వస్తుంది. తడి గాలి కాయిల్ మీదికి పోదు. తడి పనికి ఇదే ఉండాలి. అమ్మేవాడు ఈ ప్రశ్నకు తడబడితే సర్వీసు చేసే మనిషితో మాట్లాడించమనండి.

4. నీళ్ల పంపు విషయంలో ఎక్కువ ఆశ పడకండి.

అమెరికాలో వ్యాను లోపల బిగించిన ట్రక్‌మౌంట్ మెషిన్ల వీడియోలు చూసి, అంత ప్రెషర్ కావాలని అడుగుతారు. ఆ మెషిన్‌కి ఆ ప్రెషర్‌కు తగ్గ లాగుడు కూడా ఉంటుంది. మన చిన్న మెషిన్లలో పంపు 1 నుంచి 4 బార్ల దాకా ఇస్తుంది, సోఫాకి అది చాలు. పెద్ద కార్పెట్ మెషిన్‌లో 7 బార్లు, అంటే సుమారు 100 పీఎస్ఐ ఉంటే బాగానే నడుస్తుంది. లాగుడు పెంచకుండా నీళ్ల జోరు పెంచితే ఆ నీళ్లు ఫోములోకి దిగి అక్కడే ఉంటాయి.

5. డెమో మీ చోట, మీ మురికి కార్పెట్ మీద అడగండి.

షోరూంలో కొత్త కార్పెట్ మీద చూపించే డెమోకి విలువ లేదు. ఇంట్లో బాగా నలిగిన సోఫా సీటు చూపించండి. ఇలా కొలవండి:

- మంచినీళ్ల ట్యాంకులో కొలిచి 5 లీటర్లు పోయించండి. ఒకసారి చల్లి లాగడం, తర్వాత రెండుసార్లు ఉత్తినే లాగడం, ఆ వరసలో మొత్తం వాడించండి.
- మురికి ట్యాంకులోంచి తిరిగి వచ్చిన నీళ్లు కొలవండి. 5లో 3.5 నుంచి 4 లీటర్లు వెనక్కి వస్తే నా లెక్కలో మంచి మెషిన్. 3 కూడా రాకపోతే వదిలేయండి.
- వెంటనే తెల్ల తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఆ సీటు మీద వేసి, దాని మీద మీ బరువంతా పెట్టి పది సెకన్లు నిలబడండి. పై మడత దాకా తడి వస్తే లాగుడు చాల్లేదు.

6. డబ్బు ఇచ్చేముందు ఐదు స్పేర్ పార్టుల ధర, దొరికే చోటు రాయించుకోండి.

వాక్యూమ్ మోటారు, నీళ్ల పంపు, స్ప్రే నాజిల్, మూత చుట్టూ ఉండే రబ్బరు, గొట్టం. ఈ ఐదూ మీ ఊళ్లో, లేదా పార్సిల్‌లో మూడు నాలుగు రోజుల్లో దొరకాలి. కార్చర్, రూట్స్, యురేకా ఫోర్బ్స్, నిల్‌ఫిస్క్ లాంటి పేరున్నవి కొన్నా, పేరు లేని దిగుమతి మెషిన్ కొన్నా ఇదే పరీక్ష. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉండి హైదరాబాద్ డీలర్ దగ్గర కొంటున్నప్పుడు "సర్వీసు మా ఊరొచ్చి చేస్తారా, నేనే మోసుకురావాలా?" అన్నది మాట మీద కాకుండా బిల్లు మీద రాయించుకోండి. జీఎస్టీ బిల్లు లేకుండా కొంటే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే పై పరీక్షలన్నీ చేసి, ఇంకో మూడు చూడండి. మురికి ట్యాంకు మూత తీసి వాసన చూడండి, కుళ్లు వాసన గుప్పుమంటే దాన్ని ఎవరూ కడిగి పెట్టలేదని అర్థం. మోటారు తిరుగుతుంటే గాలి బయటికొచ్చే రంధ్రం దగ్గర ముక్కు పెట్టండి, కాలిన వాసన ఉండకూడదు. గొట్టాన్ని చేత్తో వంచుతూ మొత్తం పొడవునా చూడండి, పగుళ్లు మడత దగ్గరే దాక్కుంటాయి.

పని మీద ఉన్నప్పుడు మెషిన్ పాడవకుండా

7. కరెంటు ముందు.

నీళ్లూ కరెంటూ పక్కపక్కనే ఉండే పని ఇది. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడాలి. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ స్విచ్) ఉన్న ప్లగ్ అడాప్టర్ ఒకటి మీ సంచిలోనే పెట్టుకోండి. పాత ఇళ్లలో మెయిన్ బోర్డు దగ్గర అది ఉండకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట మొత్తం విప్పాకే మెషిన్ వేయండి, చుట్టి ఉంచితే వేడెక్కి కరుగుతుంది.

ఆఫీసుల్లో ఇంకో ప్రమాదం ఉంది. కార్పెట్ టైల్స్ కింద, నేలలోనే కరెంటు, నెట్‌వర్క్ బాక్సులుంటాయి. మొదలుపెట్టే ముందు ఫెసిలిటీ వాళ్లను వెంట తిప్పి అవన్నీ చూపించమనండి. వాటి మీద ప్లాస్టిక్ పరిచి టేపు వేయండి. చుట్టూ ఒక అడుగు మేర నీళ్లు చల్లకుండా తడి తువ్వాలుతోనే తుడవండి.

8. పొడి వాక్యూమ్ ఎప్పుడూ ఎగ్గొట్టొద్దు.

ఇది కార్పెట్ కోసం ఎంతో, మెషిన్ కోసం అంతే. జుట్టు, నూలు పోగులు, ఇసుక తడి మెషిన్‌లోకి పోతే బురదై ఫిల్టర్‌ని మూసేస్తాయి. నాలుగు దిక్కులా నెమ్మదిగా పొడి వాక్యూమ్ చేయండి. సోఫా అయితే సీటుకీ వీపుకీ మధ్య సందులోంచి నాణేలు, పిన్నులు, పిల్లల బొమ్మల ముక్కలు చేత్తో తీయండి.

9. గుడ్డ ఏమిటో తెలుసుకోకుండా తడపకండి.

ఇంటివాళ్లను అడిగి, అంచు కింద నుంచి ఒక్క పోగు తీసి, స్టీలు పళ్లెం మీద పట్టకారుతో పట్టుకుని అంటించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడైతే ఉన్ని. కాగితంలా భగ్గున మండి సన్నటి బూడిద మిగిలితే నూలు. కరిగి గట్టి ముత్యంలా అయితే నైలాన్, పాలీప్రొపిలీన్ లాంటి సింథటిక్. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది ఈ చివరి రకమే, మెషిన్ పనికి ఇది ఓర్చుకుంటుంది.

ఉన్ని ఓర్చుకోదు. ఏలూరులో చేత్తో ముడివేసే తివాచీలు ఉన్నివి. అలాంటిది చేతికొస్తే పీహెచ్ 8 దాటని క్లీనింగ్ మందు (షాంపూ), గోరువెచ్చని నీళ్లు, వీలైనంత తక్కువ తడి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, అది ఉన్నిని కరిగించేస్తుంది. వరంగల్ జంపఖానాలు నూలువి. 2018లో భౌగోళిక గుర్తింపు దక్కిన నేత అది. వాటిలో రంగు దిగడం, కుంచించుకుపోవడం రెండూ చూసుకోవాలి. తడిపిన తెల్ల గుడ్డను ప్రతి రంగు మీదా ఒక నిమిషం అదిమి పట్టండి. గుడ్డకి రంగు అంటిందంటే మెషిన్ పక్కన పెట్టండి, ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించండి. పని పోతుందని భయపడొద్దు. తాతల నాటి తివాచీ పాడుచేస్తే డబ్బిచ్చి తీర్చలేరు.

10. మందు కొలిచి పోయండి.

సీసా మీద 1:100 అని ఉంటే 10 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. మూతతో అందాజుగా పోయడం అందరూ చేసే తప్పు. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, మిగిలిన మందు ఆరాక జిగటగా ఉండి దుమ్మును పట్టేస్తుంది. "మీరు చేసి వెళ్లిన పది రోజులకే మళ్లీ నల్లబడింది" అని ఫోన్ వస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. నేను చేసే పద్ధతి: మందు చేతి స్ప్రేయర్‌తో ముందు చల్లి, బ్రష్‌తో రుద్ది, ఓ పది నిమిషాలు ఆరిపోనివ్వకుండా ఉంచి, మెషిన్ ట్యాంకులో ఉత్తి నీళ్లే పోసి లాగడం. మెషిన్ పంపుకి, నాజిల్‌కి కూడా ఇదే మేలు, వాటిలో మందు గడ్డకట్టదు.

నీళ్ల వేడి ఎంత ఉండొచ్చో మెషిన్ పుస్తకంలో రాసి ఉంటుంది. చిన్నవాటికి 50 డిగ్రీలు హద్దనుకోండి. గీజర్‌లోంచి పొగలు కక్కే నీళ్లు నేరుగా పోస్తే ట్యాంకు, పంపు సీళ్లు వంగిపోతాయి.

11. నురగే మోటారుకి మృత్యువు.

మురికి ట్యాంకు నిండితే లోపలి బంతి పైకి తేలి గాలి దారి మూస్తుంది, అది రక్షణ. కానీ బంతి నీటి మీద తేలుతుంది, నురగ మీద తేలదు. నురగ దాన్ని దాటుకుని నేరుగా మోటారులోకి పోతుంది. మొదటి ఏడాది నేను ఒక ఇంట్లో పెద్ద సోఫా చేస్తున్నాను. అంతకుముందు ఆ ఇంటివాళ్లు బట్టల సబ్బుపొడి కలిపి రుద్దారట, నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అరగంటలో ట్యాంకు నిండా నురగ. ఇంకొక్క సీటే కదా అని ఆపకుండా లాగించాను. మోటారు అరుపు మారింది, గాలి రంధ్రంలోంచి నురగ చిమ్మింది, ఆ సాయంత్రానికే కాలిపోయింది. కొత్త మోటారు కొనడానికి ఆ నెల సంపాదన పోయింది. అప్పటి నుంచి ప్రతి ఇంట్లో మొదటి ప్రశ్న ఇదే: "ఇంతకుముందు దీన్ని దేంతో కడిగారు?"

మురికి ట్యాంకులో పని మొదలవ్వకముందే డీఫోమర్ సీసా మీద చెప్పినంత వేయండి. నురగ మూతకి నాలుగు వేళ్ల దూరంలోకి వస్తే ఆపి పారబోయండి. గాలి రంధ్రంలోంచి నీటి తుంపర కనిపించిందంటే ఆ క్షణమే స్విచ్ ఆపాలి.

పెట్రోలు, థిన్నర్ లాంటివి ఒలికినచోట ఈ మెషిన్ అసలు వేయొద్దు. లోపల నిప్పురవ్వలొచ్చే మోటారు ఉంది.

పని అయ్యాక పావుగంట

మెషిన్ మూడేళ్లు వస్తుందా ఆరు నెలలకే మూలపడుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. అలసిపోయి ఉంటారు, ఇంటివాళ్లు డబ్బిచ్చేశారు, వెళ్లిపోదామనిపిస్తుంది. ఈ పావుగంటకి కూడా కలిపే మీ రేటు చెప్పండి.

12. మురికి ట్యాంకు అక్కడే, బాత్రూం డ్రెయిన్‌లో పారబోసి కడగండి. ఇంటికెళ్లాక కడుగుదామంటే రాత్రంతా కుళ్లి, ఆ వాసన మర్నాడు ఇంకొకరి సోఫా గదిలో వస్తుంది.

13. గొట్టంతో రెండు లీటర్ల మంచినీళ్లు లాగించండి. గొట్టం లోపలి గోడకి అంటిన బురద పోతుంది.

14. మంచినీళ్ల ట్యాంకులో లీటరు ఉత్తి నీళ్లు పోసి, నాజిల్‌లోంచి పూర్తిగా వదలండి. మిగిలినవి వంచేయండి. నీళ్లు అయిపోయాక పంపు ఉత్తినే తిప్పుతూ ఉండొద్దు.

15. ఫిల్టర్ తీసి జుట్టు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టండి.

16. ఖాళీ ట్యాంకుతో వాక్యూమ్ మోటారు రెండు నిమిషాలు నడపండి. లోపలి తేమ గాలితో పోతుంది, బేరింగులు తుప్పు పట్టవు.

17. మూత బిగించకుండా, తెరిచే ఉంచి పెట్టండి. బిగిస్తే లోపల బూజు, పైగా మూత రబ్బరు నొక్కుకుపోయి గాలి లీకవుతుంది. గొట్టాన్ని గట్టిగా మడవకుండా పెద్ద చుట్టగా వేలాడదీయండి.

నెలకోసారి: బోరు నీళ్ల తెల్ల పొర

హైదరాబాద్‌లో మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. బోరు, ట్యాంకర్ నీళ్లతో చేసేవాళ్ల మెషిన్‌లో మాత్రం గీజర్ కాయిల్‌కి పట్టినట్టే పంపుకీ నాజిల్‌కీ తెల్ల పొర పడుతుంది.

18. 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించండి. ట్యాంకులో పోసి, నాజిల్‌లోంచి అర నిమిషం బకెట్లోకి వదలండి. ఆపి ఇరవై నిమిషాలు ఉంచండి. మళ్లీ వదిలి మొత్తం ఖాళీ చేసి, ఉత్తి నీళ్లు 5 లీటర్ల చొప్పున రెండుసార్లు పంపండి. రాత్రంతా ఉంచొద్దు, సీళ్లు దెబ్బతింటాయి. టాయిలెట్ కడిగే యాసిడ్ వాడితే లోపలి ఇత్తడి, స్టీలు భాగాలు తినేస్తుంది.

19. నాజిల్ విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి టూత్ బ్రష్‌తో రుద్దండి. గుండుసూదితో పొడవొద్దు. రంధ్రం కొంచెం పెద్దదైనా నీళ్లు విసనకర్రలా పరుచుకోకుండా ఒకేచోట ధారగా పడతాయి. తర్వాత పొడిగా ఉన్న సిమెంటు నేల మీద ఒక అడుగు ఎత్తు నుంచి చల్లి చూడండి. తడి ముద్ర వెడల్పుగా, మధ్యలో ఖాళీ లేకుండా పడాలి. గీతలు గీతలుగా పడితే కార్పెట్ మీదా శుభ్రం అలాగే గీతలుగా కనిపిస్తుంది.

20. పొడి వాక్యూమ్ సంచి మూడింట రెండు వంతులు నిండగానే మార్చండి. హెపా ఫిల్టర్‌ను (సన్నటి దుమ్మును కూడా ఆపే ఫిల్టర్) కడగొచ్చని దాని మీద రాసి లేకపోతే కడగొద్దు.

ఆరు నెలలకోసారి కార్బన్ బ్రష్షులు చూపించండి. వాక్యూమ్ మోటారులో రుద్దుకుంటూ అరిగిపోయే ముక్కలవి. సెంటీమీటరుకు తగ్గాయంటే మార్చే సమయం. అరిగిపోయేదాకా నడిపితే మోటారు లోపలి రాగి చక్రం గీరుకుపోయి, చిన్న ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చవుతుంది. కొత్తవి వేశాక మెకానిక్‌ని సిరీస్ బల్బు పెట్టి (కరెంటు బల్బు గుండా వెళ్లి తగ్గేలా) అరగంట నెమ్మదిగా తిప్పమనండి, అవి కుదురుకుంటాయి.

"మెషిన్ లాగట్లేదు": మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు

చెవితో మొదలుపెట్టండి. మోటారు వేసి గొట్టం మూతి అరచేత్తో పూర్తిగా మూయండి. శబ్దం సన్నబడి పైస్థాయికి పోవాలి. గాలి అందక మోటారు తేలిగ్గా, వేగంగా తిరుగుతుంది.

మూసినా శబ్దం మారకపోతే గాలి వేరేచోటు నుంచి దూరుతోంది. మూత రబ్బరు, పారబోసే కుళాయి, గొట్టం పగుళ్లు, ఈ వరసలో చూడండి. మోటారు తిరుగుతుండగా సన్నటి టిష్యూ కాగితం అతుకుల వెంట తిప్పితే లీకున్నచోట అంటుకుంటుంది. పగిలిన గొట్టానికి ఆ రోజుకి టేపు చుట్టొచ్చు, మర్నాడు మార్చండి.

మూయకముందే శబ్దం సన్నగా ఉంటే ఎక్కడో అడ్డుంది. ముందు గొట్టం విప్పేయండి. శబ్దం మామూలైతే అడ్డు గొట్టంలోనో నాజిల్‌లోనో ఉంది. మారకపోతే ఫిల్టర్, ఆ తర్వాత ఇరుక్కుపోయిన తేలే బంతి.

ఈ రెండు పరీక్షలతోనే చాలా ఫిర్యాదులు తీరిపోతాయి. శబ్దం సరిగ్గా మారుతూ కూడా లాగుడు లేకపోతే, నిప్పురవ్వలో కాలిన వాసనో వస్తే, అప్పుడు మోటారు సంగతి.

నీళ్లు చల్లడం ఆగితే పంపు పోయిందని వెంటనే అనుకోకండి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నింపినప్పుడు లోపల గాలి ఇరుక్కుంటుంది. పంపు ఆన్‌లో ఉంచి, స్ప్రే ట్రిగ్గర్ నొక్కి, వాక్యూమ్ గొట్టం మూతిని స్ప్రే నాజిల్ రంధ్రానికి ఆనించండి. గాలి లాగేసుకుని నీళ్లు మొదలవుతాయి. రాకపోతే ట్యాంకు అడుగునున్న చిన్న జల్లెడ చూడండి.

చేసిన పని సరిగ్గా వచ్చిందో లేదో

అక్కడి నుంచి కదిలే ముందు: చివరిసారి ఉత్తినే లాగేటప్పుడు నాజిల్ పారదర్శకంగా ఉంటే నీటి చుక్కలు పోవడం కనిపిస్తుంది. అవి ఆగేదాకా లాగండి. నాజిల్‌ని తోసేటప్పుడు కాదు, వెనక్కి గుంజేటప్పుడు నెమ్మదిగా, అడుగుకి రెండు సెకన్లు పట్టేలా. తర్వాత పైన చెప్పిన నాలుగు మడతల తువ్వాలు పరీక్ష చేయండి. తువ్వాలుకి మురికి రంగు అంటితే ఉత్తి నీళ్లతో ఇంకోసారి.

ఆరే సమయం: సింథటిక్ కార్పెట్, ఫ్యాన్ గాలి తగులుతుంటే ఆరు గంటల్లోపు పొడిగా అనిపించాలి. ఫోమున్న సోఫాకి ఇంకొంచెం పట్టొచ్చు. 24 గంటలు దాటితే బూజుకి దారిచ్చినట్టే. జులై, ఆగస్టుల్లో కిటికీలు తెరిస్తే బయటి తేమ లోపలికొస్తుంది. ఆ నెలల్లో కిటికీలు మూసి, ఏసీ వేసి, ఫ్యాను నేలకు సమాంతరంగా గాలి పారేలా పెట్టమని ఇంటివాళ్లకు చెప్పండి. ఏసీ లేని ఇంట్లో ముసురు పట్టిన రోజు పెద్ద సోఫా పని ఒప్పుకోకండి, రెండు రోజులు ఆగమనండి.

మర్నాడు ఫోన్ చేసి మూడు అడగండి. చేత్తో రాస్తే జిగటగా ఉందా? ముక్కవాసన ఉందా? పోయిన మరక మళ్లీ కనిపిస్తోందా? జిగట ఉంటే మందు మిగిలింది, వెళ్లి ఉత్తి నీళ్లతో లాగి రండి, డబ్బు అడక్కండి. వాసన ఉంటే అడుగున తడి ఉంది, బ్లోయర్ తీసుకెళ్లండి.

మరక తిరిగొచ్చిందంటే అది కొత్త మరక కాదు. అడుగున మిగిలింది, తడితో పాటు పోగుల వెంట పైకెక్కి కొనల దగ్గర ఆరింది. టీ, కూల్‌డ్రింక్ ఒలికినచోట ఇది మామూలే. మళ్లీ మెషిన్ వేసి తడపకండి, ఇంకా లోపలున్నది కూడా పైకొస్తుంది. ఆ చోటు మాత్రం స్ప్రేయర్‌తో నీటి మంచు పట్టినంత తేలిగ్గా తడిపి, తెల్ల తువ్వాళ్లు మూడు మడతలు వేసి, ప్లాస్టిక్ కవర్ పరిచి, మీద నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు నాలుగు పెట్టి రాత్రంతా వదిలేయండి. పైకెక్కేదంతా తువ్వాలులోకి పోతుంది. పొద్దున తువ్వాలు తీసి ఆ గోధుమరంగు మచ్చ ఇంటివాళ్లకు చూపించండి.